బ్రెజిలామె గురించి తెగని పేచీ

నిన్న ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన పాత పుస్తకాల బండి మీద బ్రెజిలామె నవల ఇంకొకటి కనబడింది. తెలుగు అనువాదమే. కొని, మా మేనత్తకు ఫోన్ చెయ్యబోయాను. ఆమె పోయి చాన్నాళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రచయిత్రి పేరు మా ఇద్దరికీ నోరు తిరిగేది కాదు, అందుకే బ్రెజిలామె. కరువు నేలలో పుట్టి, ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతూ, వంటింట్లో కూర్చుని నవలలు రాసిందని వెనక అట్ట మీద ఉండేది. మా అత్తా టీచరే. మొగుణ్ణి వదిలేసి వచ్చి రావిర్యాలలో ఒక్కతే బతికింది. కోళ్ళకు గింజలు చల్లుతూ కూడా చదివేది. ఆమె మెచ్చిన నవల చివర, మొగుడు వెళ్ళిపోయాక ఒకామె తలుపు తెరిచిపెట్టి కూర్చుంటుంది. ఎవరికోసమో చూస్తోందని నా వాదం. అత్త కస్సుమనేది: "ఎవని కోసం కాదు అల్లుడా, గాలికి! తలుపు తెరిచుంటే చాలు, మా కోసమే అనుకుంటరు మొగోళ్ళు." ఏళ్ళు గడిచినా ఆ పేచీ తెగలేదు. మా చుట్టాల్లో ఇంకెవరూ ఆ పుస్తకం ముట్టలేదు.

ఆమె పోయిన మూడోనాడు, పూడ్చిన బొంద దగ్గర పిట్టకు పెట్టారు: ఆకులో అన్నం, మటన్, పక్కన కల్లు. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి కోరిక మిగిలినట్టు లెక్క. అది వేపచెట్టు దిగలేదు. కోళ్ళను చూసుకుంటామని ఒకరు, ఇల్లు అమ్మబోమని ఒకరు మాట ఇచ్చారు. అందరూ ఆకు చుట్టూ మూగితే ఏ కాకి దిగుతుంది? అత్త చెల్లెలు, మా చిన్నత్త, కూలబడి ఏడ్చింది. "మా అక్క మనసుల ఏదో ఉండిపోయిందిరా. నీతోనే గద మాట్లాడేది, జర నువ్వు చెప్పు."

"కాకి ఒట్టి పిట్టే అని సభలల్ల చెప్పినోడు, గిప్పుడు కాకికే ఉపన్యాసమిస్తడా?" అని చిన్నత్త కొడుకు పళ్ళికిలించాడు.

కాకి ఒట్టి పిట్టేనని ఇప్పటికీ అంటాను. కానీ చిన్నత్త ఏడుపు ఒట్టిది కాదు. ముందుకు జరిగి, "నేనొప్పుకోను అత్తా. ఆ తలుపు తెరిచి కూసున్నామె ఎవని కోసమో ఎదురుచూస్తనే ఉన్నది" అని గట్టిగా మొదలుపెట్టాను. నా ఉపన్యాసాలకు జనం లేచిపోవడం కొత్త కాదు. ఒక్కొక్కరూ నీడకు జరిగారు. అత్త అడ్డుతగిలే చోట అలవాటుగా ఆగాను. ఒక్కణ్ణే వాదించలేక నేనూ పక్కకు వచ్చేశాను. కాకి దిగి మటన్ ముక్క ఎత్తుకుపోయింది.

"చూసినవ్‌రా? అక్క ఇన్నది" అంది చిన్నత్త, కళ్ళు తుడుచుకుంటూ.

జన్మలో మొదటిసారి ఖండించకుండా ఊరుకున్నాను. వయసు మళ్ళేకొద్దీ కాలం మనకు ఎదురు చెప్పేవాళ్ళను ఒక్కొక్కరిగా తీసుకుపోతుంది. మిగిలిన రోజుల్లో మనం అన్నదే ఒప్పు, కాదనే దిక్కుండదు.