ఊరికే పడుకోమన్నప్పుడు

తొంభైల్లో వన్ టౌన్ సందుల్లో కొండలరావు గొంతు తెలియని గడప లేదు. పోర్టు గేటు దగ్గర యూనియన్ మీటింగంటే మైకు లేకపోయినా ఫరవాలేదు, ఆయనుంటే చాలు. దేవుడు లేడని ఎంత గట్టిగా వాదించేవాడంటే, దీపం పెట్టుకుంటున్న భార్య తాయారు చెవులు మూసుకునేది. అయినా ఆ గొంతంటే ఆవిడకి ప్రాణం. అది సందు మలుపులో వినబడగానే చేపల పులుసు వెచ్చబెట్టేది. ఏం రోజులవి!

రెండువేల ఎనిమిదిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తొందరగానే కోలుకున్నాయి. మాటే పోయింది.

చూపించిన ఆసుపత్రిలో హిమబిందు అనే డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది. మెదడులో ఏ చోటుకి ఏ చోటుతో లంకె ఉందో స్కానింగ్ చూసి కంప్యూటరే పసిగట్టేలా నేర్పుతోందట. కృత్రిమ మేధ అన్న మాట అప్పటికింకా వన్ టౌన్ గుమ్మం తొక్కలేదు. ముందు బాగున్నవాళ్ళ మెదళ్ళు చూపించి నేర్పితే, తర్వాత జబ్బు మెదడులో తేడా అది చెబుతుంది. అందుకని రోగుల చుట్టాలనే బతిమాలి పడుకోబెట్టింది. తాయారూ, ఆమె వదిన కాంతమూ ఆ స్కానింగ్ మిషను గొట్టంలో దూరి వచ్చారు. అందరికీ ఒకటే మాట చెప్పారు, ఏమీ ఆలోచించకుండా ఊరికే పడుకోమని.

కొండలరావు వంతు వచ్చింది. మాట పుట్టే చోటుకీ, వినే చోటుకీ లంకె తెగిపోయిందని కంప్యూటర్ తేల్చేసింది. ఇక మాటలు నేర్పించినా లాభం ఉండదేమోనంది హిమబిందు. తాయారు ఏడుస్తూ బయటికొచ్చేసింది. ఆ గొంతు వినకుండా బతకడమెలా?

బయట బెంచీ మీద కాంతం ఓదార్చింది. గొట్టంలో ఆ మిషను రొదకి తన ప్రాణమూ పోవలసిందేనని, సింహాద్రి అప్పన్న నామమే కాపాడిందని చెప్పుకొచ్చింది. తాయారు ఏడుపు ఆగింది. తనూ అదే చేసింది! తమలాగే గొట్టంలో పడుకుని వచ్చిన పక్కవాళ్ళని అడిగితే ఒకావిడ ఆంజనేయ దండకమంది, ఇంకొకాయన నూకాలమ్మ తల్లన్నాడు. తాయారు చరచరా లోపలికి వెళ్ళింది.

"డాక్టరమ్మా, ఊరికే పడుకోమన్నారు గానీ, మేం ఎవరం ఊరికే లేం. లోపల్లోపల దేవుడి నామం సదూతనే ఉన్నాం. ఊరికే ఉన్నది మా ఆయనొక్కడే. ఆయనకి దేవుడు లేడు కదమ్మా."

హిమబిందుకి అప్పుడు తట్టింది, మనసులో పలికినా ఆ రెండు చోట్లూ కలిసి పనిచేస్తాయని. పాపం కంప్యూటర్, జపమే ఆరోగ్యమని నేర్చేసుకుంది! కొండలరావుని మళ్ళీ పడుకోబెట్టి, ఇష్టమైనదేదో మనసులో పలుకుతూ ఉండమంది. ఈసారి లంకె కనబడింది. సన్నగానే, కానీ ఉంది. వెంటనే మాటల శిక్షణకి పంపింది.

నెలల తరబడి తంటాలు పడితే ఒక్కో మాటా తిరిగొచ్చింది. ఒక సాయంత్రం తాయారు ఉండబట్టలేక అడిగింది.

"ఆ వేళ గొట్టంలో ఏటి సదివినావు? యూనియన్ నినాదాలేనా?"

ఆయన తల అడ్డంగా ఊపి, పెదాలు కూడదీసుకున్నాడు.

"తా... యారు."

ఇన్నేళ్ళ కాపురంలో ఒసేయ్ అనడమే తప్ప, ఆయన ఆ పేరు పలకడం ఆవిడ ఎన్నడూ వినలేదు.