చిన్న గిన్నెకే ఎక్కువ పొట్టు

మా బాబాయి నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. నాలుక ఉంది, నేను చూశాను. మా నాన్న పక్కనున్నంతసేపూ దానికి పని దొరకదు, అంతే.

ఇద్దరూ ఒకే కాలేజీ వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశారు. నాన్న పెద్దమేస్త్రి, బాబాయి చిన్నమేస్త్రి. కొత్త లేత్ వస్తే నాన్నకి, ఆయన వాడి వదిలేసింది బాబాయికి. కిటికీ పక్క బల్ల నాన్నది, తలుపు చప్పుడు బాబాయిది. ఇంట్లోనూ ఇదే వరస. కూర గిన్నె ముందు నాన్న దగ్గర ఆగేది, బాబాయి దగ్గరికొచ్చేసరికి అడుగు కనిపించేది. ఇందులో అన్యాయముందని మాకెవరికీ తోచలేదు. బాబాయికి తోచిందేమో, అడిగినవాళ్లు లేరు.

నాన్న రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆ పెద్దమేస్త్రి కుర్చీ బాబాయికివ్వాలా, బయటి మనిషిని తేవాలా అని ప్రిన్సిపాల్ గారు నాన్ననే అడిగారు, మీ తమ్ముడికి సొంతంగా పని వచ్చా అని. చెప్పింది చేస్తాడండి అన్నాడు నాన్న. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. కుర్చీ కాలొకటి విరిచానని తెలుసుకోలేదు. ప్రిన్సిపాల్ గారు ఆలోచించి, చుక్కల మేడం అడిగిన యంత్రాన్ని బాబాయి ఒక్కడే చెయ్యాలన్నారు. బాగా వస్తే కుర్చీ, లేకపోతే లేదు.

చుక్కల మేడం అంటే నక్షత్రాల పాఠం చెప్పే లెక్చరర్. నేనక్కడే స్టోర్‌లో గుమాస్తాని కాబట్టి ఆవిడ బాబాయికి చెప్పిందంతా విన్నాను. అప్పుడే పుట్టిన జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయట. రెండింటినీ చుట్టి వాయువు, దుమ్ము కలిసిన పెద్ద పళ్లెం లాంటిది తిరుగుతుంటుంది. అందులోంచి సరుకు పాయలుగా లోపలికి జారి వాటిమీద పడుతుంది. అది తినే అవి పెరుగుతాయి. ఇదంతా పిల్లలకి కళ్లారా చూపించే యంత్రం కావాలంది.

బాబాయి మూడు వారాలు కూర్చుని పెద్ద రేకు పళ్లెం చేశాడు. దాని అంచున రంపపు పొట్టు గిర్రున తిరుగుతుంది. మధ్యలో ఇరుసు, ఇరుసు మీద ఇనప పట్టీ, పట్టీకి ఒక కొసన పెద్ద గిన్నె, రెండో కొసన చిన్న గిన్నె. పెద్దది బరువు కదా, తూకం కుదరాలని ఇరుసును దానివైపు జరిపి బిగించాడు. దాంతో పెద్ద గిన్నె నడిమధ్యన బద్ధకంగా చిన్న సున్నా చుడుతుంది. చిన్నది దూరంగా అంచుదాకా పోయి తిరుగుతుంది, పొట్టు ముందు దొరికేది దానికే. నడిపి చూస్తే చిన్నది నిండిపోయింది, పెద్దదాంట్లో చిటికెడు పడింది. మేడంకి కావలసిందదే. నక్షత్రాలూ అంతేనంది.

ఆ సంగతి నాన్నకెవరూ చెప్పలేదు. చూపించే రోజుకి ముందటి సాయంత్రం, బాబాయి ఇంటికెళ్లాక, నాన్న యంత్రం మీది గుడ్డ తీసి మీట నొక్కాడు. చిన్న గిన్నె నిండుతోంది. పెద్దదుండగా చిన్నదానికి ఎక్కువ రావడమేమిటి? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. తమ్ముడు తప్పు చేశాడు, కుర్చీ పోతుందని నిజంగానే భయపడ్డాడు. స్పానర్ తీసి ఇరుసును పట్టీకి సరిగ్గా మధ్యలో బిగించాడు. యంత్రం కాస్త వణికింది కానీ పెద్ద నోరే పెద్దగా మింగింది. తృప్తిగా గుడ్డ కప్పేసి వచ్చాడు. వాడు చిన్నబుచ్చుకుంటాడని చెప్పనుకూడా లేదు.

మర్నాడు అందరి ముందూ మేడం, చిన్నదానికే ఎక్కువ వస్తుంది చూడండి అంది. బాబాయి మీట నొక్కాడు. బల్ల గడగడలాడింది, పెద్ద గిన్నె నిండింది. మేడం ముఖం పాలిపోయింది. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

బాబాయి మోటార్ ఆపి వంగి చూశాడు. నాన్న బిగించిన బోల్టును ఆయన కళ్లు మూసుకుని గుర్తుపట్టగలడు, ముప్పై ఏళ్లుగా విప్పలేక చేతులు కాయలు కాశాయి మరి. ఒక్కసారి నాన్న వైపు చూశాడు.

"ఇరుసు నేనే తప్పు బిగించానండి," అన్నాడు ప్రిన్సిపాల్ గారితో. "రెండు నిమిషాలివ్వండి."

విప్పి, జరిపి, బిగించి మళ్లీ నడిపాడు. చిన్న గిన్నె నిండింది. కానీ ప్రిన్సిపాల్ గారు అప్పటికే పెదవి విరిచేశారు, ముందే సరిచూసుకోని మనిషికి వర్క్‌షాప్ ఎలా అప్పగిస్తామన్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాన్న అప్పటికే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు.

"మార్చింది నేను సార్," అన్నాడు చివరికి. "వాడు సరిగ్గానే చేశాడు. చిన్నదానికి ఎక్కువ రావడం నేను చూడలేకపోయాను."

మా ఇంటి సంగతులేవీ తెలియని మేడం పాఠం కొనసాగించింది. చిన్నదానికి ఎక్కువ అందుతుంది కాబట్టే అది పెరిగి పెరిగి, పోనుపోను రెండూ ఇంచుమించు సమానమవుతాయంది.

నాన్న చెయ్యెత్తాడు. "ఎన్నాళ్లకండీ?"

"లక్షల ఏళ్లు పట్టొచ్చు."

"మాకంత టైము లేదు," అన్నాడు నాన్న.

కుర్చీ బాబాయికే వచ్చింది. ఆ మధ్యాహ్నం కూర గిన్నె నాన్న దగ్గర ఆగలేదు. ఆయనే దాన్ని తీసుకెళ్లి బాబాయి కంచం పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, తనకేమైనా మిగుల్తుందేమోనని చూశాడు. బాబాయి మిగల్చలేదు.