పద్నాలుగు వేల పలుగురాయి

ఆ రోజుల్లో డోన్ బజారులో నా అంతటి బేరగాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే, పెళ్లయిన మూడో నెలలో, మామగారు పెట్టిన ఉంగరం అమ్మేసి తుగ్గలి చేలల్లో వజ్రం కొన్నాను. (మా వంశంలో ఇంత ధైర్యం ఇంకెవరూ చేయలేదు. చేయరు కూడా.) మా ఆవిడకు చెప్పలేదు. వజ్రపు ముక్కుపుడక చేతిలో పెట్టి, అప్పుడు చెబుదామని.

తొలకరి పడితే చాలు, ఆ చేలల్లో జనం సద్దిమూటలతో దిగి, వంగి వజ్రాలు వెతుకుతారు. అట్లా వెతికిన ఒక పెద్దాయన అరచేతిలో శనగగింజంత రాయి ఎండకు ధగధగలాడుతోంది. ఇరవై వేలన్నాడు. బట్టలకొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి, రాళ్ల సంగతి నాకేం తెలుసు? సరుకును కాదు, అమ్మేవాడి మొహం చూడమని మా నాయన నేర్పిన విద్య. మొహం చూసి, పదివేలన్నాను.

"ఏమప్పా, రెండేండ్లు నడుములు పడిపోయేటట్టు ఎతికినా. వంకాయలు బేరం చేస్తాండావా? పో, పో!"

రెండుసార్లు బండెక్కి దిగాను. చివరికి పద్నాలుగు వేలకు ఇస్తూ ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఉత్త రాయికి ఎవరైనా ఏడుస్తారా? నాకంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

కర్నూలులో రాళ్లు పొదిగే ముసలి ఆచారి దాని మీద ఊదాడు. ఆవిరి పట్టి నిలిచిపోయింది.

"పలుగురాయప్పా ఇది. శానా అందంగా ఉండాది, అంతే."

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, పొట్లం విప్పి ఒక పచ్చి వజ్రం చూపించాడు. నూనె పూసిన పటిక పలుకులా మసగ్గా ఉంది. ఊదితే ఆవిరి పట్టినట్టే పట్టి మాయమైంది. దాని మొన నా రాయిని అట్లా తాకిందో లేదో, తెల్లటి గీత పడింది. భూమి కడుపులో ఎంత నిప్పు తాగితే ఇంత పలుకు అంత గట్టిపడిందో! ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. నా డబ్బు కాసేపు గుర్తుకే రాలేదు. పెద్దాయన మొహం కూడా అబద్ధం చెప్పలేదు మరి. పాపం, ఆయనా వజ్రమనే నమ్మాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పేశాను. ఆమె రాయిని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. పుట్టింటికి పోతానంటుందేమో అనుకున్నాను.

"ఆ ముసలాయప్ప నిజంగా ఏడ్చినాడా?"

"ఏడ్చినాడు."

"మళ్ల ఆరువేలు ఎట్ల తగ్గిచ్చినావబ్బా, మనసెట్లొచ్చింది?" అని, "దీన్నే సానబట్టి వెండిలో కట్టియ్యి. పెట్టుకుంటా" అంది.

ఇప్పటికీ ఆమె ముక్కున అదే. రాయి పద్నాలుగు వేలు, పెట్రోలు మూడు వందలు, వెండీ ఆచారి కూలీ ఆరువందల యాభై. వెరసి పద్నాలుగు వేల తొమ్మిది వందల యాభై. అందులో ఆచారి అడిగింది మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరమాడకుండా ఇచ్చాను.