తోక అని పేరు పెట్టింది నేనే

పుష్పకు తోక అని పేరు పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు రాయికల్‌లో అందరూ ఆ పేరు మా రంజిత్ కనిపెట్టాడని చెప్పుకుంటున్నారు. వాడు కనిపెట్టిందేమీ లేదు. ఇరవై రెండేళ్ళ కింద మా అరుగు మీద, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఒళ్ళుమండి నేనన్న మాట అది.

మా వాడకట్టు ఆడవాళ్ళు ఇంటిపని ముగించుకుని పొద్దున పదింటికల్లా మా అరుగు మీదికి చేరతారు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. చేతులకు ఊపిరాడదు గాని నోరు ఖాళీయే. అందుకే పాట. ఒకరు పాట చెప్పాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. చెప్పేది నేను. నా డప్పు నేనే కొట్టుకుంటున్నానని అనుకున్నా సరే, మా అత్త పోయాక ఈ వాడలో పాట చెప్పే గొంతు ఇంకోటి లేదు. బతుకమ్మకైనా పెళ్ళికైనా నేను ఎత్తుకున్నాకే మిగతావాళ్ళ నోరు లేచేది.

పుష్ప సిరిసిల్ల మనిషి. పన్నెండేళ్ళ వయసు నుంచి అక్కడ మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టింది. ఆ మగ్గాలను వాళ్ళు సాంచాలంటారు. షెడ్డు మూతపడ్డాక మొగుడు దుబాయ్ పోయాడు, ఈమె అత్తగారి ఊరని రాయికల్ వచ్చి మా పక్కింట్లో దిగింది. మెత్తని మనిషి. నవ్వితే చప్పుడు రాదు. ఒక్కోసారి అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన ఉండదు. చాయ్ తాగుతావా అంటే, మా ఆయన ఫోన్ చేయలేదు అంటుంది. మొద్దు అనుకున్నాం. ఎప్పుడూ సరిగ్గా నాకు ఎదురుగానే కూర్చునేది. ఎండ మొహాన కొడుతున్నా అక్కడి నుంచి జరిగేది కాదు.

పాటలో మాత్రం నా ప్రాణం తీసేది. "తునికాకు తడిసినాది ఓ పిల్లా, దారమెక్కడ వోయెనే" అని నేను చెప్పగానే అందరూ టక్కున అందుకుంటారు. అందరూ ఆపేశాక పుష్ప గొంతు ఒక్కటే "వోయెనే..." అంటూ వెనక నుంచి తోకలా ఈడ్చుకుంటూ వస్తుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఎన్నిసార్లు తిట్టినా అదే తంతు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని దాని ముందే అని నవ్వుకునేవాళ్ళం.

రంజిత్ మా చెల్లె కొడుకు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉంటారు. డిగ్రీ సగంలో వదిలేసి, ర్యాప్ అని చెప్పి గుక్కతిప్పుకోకుండా పాటలు కట్టి ఫోన్‌లో పెట్టేవాడు. వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంటుంటే, వాడి పక్షాన నిలబడి పోట్లాడింది నేను. నిరుడు బొంబాయిలోని పెద్ద పాటల కంపెనీ ఒకటి వాడి మొదటి ఆల్బమ్ తెస్తామని సంతకం పెట్టించుకుంది. వాడు మైకు పట్టుకుని నేరుగా మా అరుగు మీదికే వచ్చాడు.

"పెద్దమ్మా, మీ పాట గావాలె" అన్నాడు.

రెండు రోజుల ముందు నుంచే పెరుగు ముట్టలేదు నేను. అల్లం నమిలి గొంతు సవరించుకుని పదకొండు పాటలు చెప్పాను. తోక ఎప్పటిలాగే వెనకబడితే రెండుసార్లు ఆపి, తిట్టి, మళ్ళీ మొదలుపెట్టాను. వాడు చెవులకు డబ్బాల్లాంటివి తగిలించుకుని తల ఊపుతూ కూర్చున్నాడు. ఆ ఊపంతా నా గొంతుకే అనుకున్నాను.

ఆల్బమ్ వచ్చిన రోజు నేను కంటి పరీక్ష కోసం కోరుట్ల పోయాను. బస్టాండు ముందు మొబైల్ షాపులో పెద్ద స్పీకర్ పెట్టి మోగిస్తున్నారు. మా చెల్లె కొడుకే, వెనకొచ్చే గొంతు నాది అని పక్కనున్న ఆమెకు చెప్పి నిలబడ్డాను. మొదట సాంచాల చప్పుడు. తర్వాత నిజంగానే నా గొంతు వచ్చింది.

"ఏమే తోకా, మల్ల ఎనకవడ్డవా?"

పాట కాదు, నా తిట్టు. ఆ వెంటనే పుష్ప "వోయెనే...". దాని మీద దరువు, ఆ పైన రంజిత్ మాటలు, మళ్ళీ "వోయెనే...". చివరిదాకా నిలబడి విన్నాను. నా పాట ఒక్క ముక్క కూడా రాలేదు. తిట్టింది నువ్వేనా అక్కా అని ఆ పక్కామె అడిగింది. కళ్ళు చూపించుకోకుండానే బస్సెక్కాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఆల్బమ్ పేరు కూడా తోకేనట.

అప్పటి నుంచి నాకు తిండి సయించలేదు. చౌరస్తాలో రంజిత్ పక్కన పుష్ప బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. కాలేజీ పిల్లలు పుష్పతో ఫోటోలు దిగడానికి వచ్చి, నన్ను కాస్త పక్కకు జరగమన్నారు. నా అరుగు మీద నన్నే. కట్టలు సరిగా లేవని రోజూ గొణిగే బీడీ కార్ఖానా గుమాస్తా దానికి కుర్చీ వేశాడట. రంజిత్‌కు ఫోన్ చేసి కడిగేశాను. వాడు నెమ్మదిగా చెప్పాడు, "నీ పాట మంచిదే పెద్దమ్మా. గట్ల పాడేటోళ్ళు దొరుకుతరు. గా లేటు ఎవ్వలకు రాదు." పెరటి చెట్టు మందుకు రాదని ఊరికే అన్నారా పెద్దలు.

నేను గోడవైపు తిరిగి బీడీలు చుట్టడం మొదలుపెట్టాను. పుష్ప చాట ఎత్తుకుని ఈ పక్కకు వచ్చి కూర్చుంటే, నేను ఆ పక్కకు తిరిగాను. పాట చెప్పడం మానేశాను. అది కూడా పాడలేదు. నాకు చాలా సంతోషమైంది.

ఇంతలో జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్‌లో ఆల్బమ్ పండుగ పెట్టారు. పుష్ప స్టేజీ మీద పాడాలన్నారు. సుశీలక్క, అంటే నేను, లేకపోతే రానని చెప్పిందట. మర్నాడు పొద్దున్నే మా గడపలోకి వచ్చింది. పేరు నీది, మైకు నీది, మధ్యలో నేనెందుకని అడిగాను.

"నాకు సక్కగ ఇనరాదక్కా" అంది. "సిరిసిల్ల సాంచాలల్లనే చెవులు వోయినయ్. నీ పెదవులు జూసి అందుకుంట. గందుకే ఎనకవడుత. చెవిటిదని తెలిస్తే అరుగు మీదికి రానియ్యరనుకున్న."

ఇరవై రెండేళ్ళ శంఖం సామెత గుర్తొచ్చి సిగ్గేసింది. జాలి కూడా కలిగింది, ఒక చారెడు. దాని కింద కుండెడు కుళ్ళు అలాగే ఉంది. అయినా వస్తానన్నాను.

పట్టుచీర కట్టుకుని పోయాను. నన్ను నిలబెట్టింది స్టేజీ మీద కాదు, కింద. మొహం పుష్పవైపు, వీపు జనం వైపు. మైకు లేదు. సాంచాల దరువు మొదలవగానే, ఆ అదురు కాళ్ళకు తెలియాలని పుష్ప చెప్పులు విడిచి వట్టికాళ్ళతో నిలబడింది. నేను పెదవులు కదిపాను. "వోయెనే..." అని అది అందుకుంది. హాలంతా ఈలలు. రెండోసారీ అంతే. నా మాటలే, నా వరసే, నా వీపు వెనక వెయ్యిమంది దాని పేరు అరుస్తున్నారు. మూడోసారి నేను నోరు మూసేశాను.

నేను లేకుండా ఏం పాడుతుందో చూద్దామనుకున్నాను. రంజిత్ కంగారుపడి దరువు ఆపించాడు. హాలు చల్లబడింది. పుష్ప సగం నోరు తెరిచి నా పెదవులనే చూస్తూ నిలబడింది. భయం లేదు, నిష్ఠూరం లేదు. అరుగు మీద రోజూ ఎదురుచూసినట్టే చూస్తోంది. రేపటిదాకా అయినా అలాగే నిలబడేలా ఉంది. చివరికి నా గొంతే నా మాట వినలేదు. ఉన్న బలమంతా పెట్టి గట్టిగా పాడాను. నా వెనక మొదటి వరుసకైనా వినబడిందో లేదో. పుష్ప అందుకుంది. హాలు కప్పు లేచిపోయింది.

దిగగానే రంజిత్ వచ్చి పుష్ప కాళ్ళు మొక్కాడు. "పెద్దమ్మా, గా నడుమ ఆగుడు సూసినవా? పుష్ప చిన్నమ్మ కిర్రాక్ జేసింది. ఇగ ప్రతి షోల గట్లనే ఆగుతం" అన్నాడు. నా కుళ్ళుబుద్ధి కూడా దాని గొప్పే అయిపోయింది.

పొద్దుగూకక ముందే ఆటోలో రాయికల్ బయల్దేరాం. పుష్ప నా పక్కన కాదు, ఎదురు సీట్లో కూర్చుంది. ఊరు దాటాక అడిగింది.

"గావాలెననే నోరు మూసినవ్ గదా అక్కా?"

ఆటో చప్పుడులో నాకే సరిగా వినబడలేదు. దాని కళ్ళు మాత్రం నా పెదవుల మీదే ఉన్నాయి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అవునే తోకా" అన్నాను, గొంతు పెగల్చకుండా, వట్టి పెదవులతో.

నవ్వింది. ఎప్పటిలాగే, కాస్త ఆలస్యంగా.