పంకజం బుగ్గలు

మద్రాసు పెరంబూరులోని రైల్వే వర్క్‌షాపు రెండో గేటు బయట పంకజం మెస్సు తెలియనివాడు లేడు. తలుపు మీద రేకు బోర్డు ఒకటి వేలాడుతూ ఉండేది గానీ దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. జనం ఆమె ముఖం చూసి లోపలికి వచ్చేవారు. గుండ్రటి ముఖం, పసుపు రాసిన నిండు బుగ్గలు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఇడ్లీ పాత్ర దించి ఆమె తలెత్తి నవ్విందంటే ఆ బుగ్గలు పైకి లేచి కళ్లను సగం మూసేసేవి. ఆ యమ్మ చేతి తిండి ఒంటికి పడుతుందని షిఫ్టు దిగిన ఫిట్టర్లు చెప్పుకునేవారు. ముఖం కళకళలాడుతుంటే అన్నం కూడా మంచిదేనని వాళ్ల నమ్మకం. అది ఎంత అన్యాయమైన నమ్మకమో అప్పట్లో ఎవరికీ తోచలేదు. గిరాకీ బాగున్నంత కాలం పంకజానికీ తోచలేదు.

ఆమె భర్త పరంధామయ్య ఆ వర్క్‌షాపులోనే, బోగీల చక్రాలు సరిచేసే సెక్షన్లో పని చేసేవాడు. వాళ్ల పూర్వీకులు చిత్తూరు వైపు నుంచి ఎప్పుడు వచ్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మెస్సు వెనకే వాళ్ల ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. పరంధామయ్య నెమ్మదస్తుడని పేరు. గొంతెత్తడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, నలుగురూ ఎటంటే అటు తలూపుతాడు. ఇలాంటి మనిషిని లోకం మంచివాడంటుంది. పంకజం కూడా చాలాకాలం అలాగే అంది.

మద్రాసు పేరు చెన్నై అని మార్చిన ఏడు అది. పంకజం కాలివేలికి తగిలిన చిన్న దెబ్బ ఎంతకీ మానలేదు. రైల్వే ఆసుపత్రిలో చూపిస్తే షుగరు అన్నారు. ఆ మాట వినగానే ఆమెకు తల్లి గుర్తుకొచ్చింది. ఆ తల్లికి ఇదే జబ్బుతో మోకాలి దాకా కాలు తీసేశారు. చివరి రోజుల్లో ఆమె మంచం మీద కూర్చుని, లేని పాదం దురద పెడుతోందని ఏడ్చేది. అది చూసిన కూతురు ఇప్పుడు అన్నం మానేసింది. పూటకు గుప్పెడు రాగిసంగటి, కాస్త మజ్జిగ, ఆకుకూర. తెల్లవారకముందే క్వార్టర్ల మైదానం చుట్టూ నడక. రోజంతా ఇడ్లీల మధ్య నిలబడి ఒక్క ఇడ్లీ నోట పెట్టలేదు. ఆ మొండితనం ఎంతమందికి ఉంటుంది?

ఒళ్లు గబగబా కరిగిపోయింది. ఆర్నెల్లు తిరగకముందే రవికలు సంచుల్లా వేలాడాయి. షుగరు దిగింది, వేలు మానింది. ఆసుపత్రి డాక్టరు మిగతా రోగులకు ఆమెను చూపించి, ఈమెను చూసి నేర్చుకోండి అన్నాడు. పంకజం పరీక్ష పాసైనంత సంబరంగా ఇంటికొచ్చింది.

కానీ ఒళ్లు తగ్గినప్పుడు ముందు తగ్గేది ముఖమని ఆ డాక్టరు చెప్పలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. ముక్కు పక్క నుంచి మూతి చివరల దాకా రెండు గాడులు దిగాయి. కళ్ల కింద గుంటలు పడ్డాయి, దవడ కింద చర్మం జారి ఊగింది. నలభై నాలుగేళ్ల మనిషి అద్దంలో అరవై ఏళ్ల మనిషిలా కనపడింది. అయినా ఆమె పెద్దగా దిగులు పడలేదు. కాళ్లు రెండూ ఉన్నాయి, అది చాలనుకుంది.

మెస్సుకు వచ్చేవాళ్లకు అది చాల్లేదు. మొదట ఒంట్లో బాగాలేదా అక్కా అని అడిగారు. షుగరని చెబితే తలూపి వెళ్లారు. షుగరు వచ్చినవాళ్లు తమ ఇళ్లలోనూ ఉన్నారు గానీ, వాళ్లెవరూ ఇంత తొందరగా ఇలా అయిపోలేదు. అప్పుడు ఊళ్లో ఏ గోడ చూసినా ఎయిడ్స్ పోస్టర్లే. ఎముకలు తేలిన ముఖం బొమ్మ, కింద హెచ్చరిక. పంకజం మెస్సు ముందు ఎన్నూరు వైపు పోయే లారీలు ఆగుతాయి, డ్రైవర్లు దిగి తింటారు. ఈ రెండూ కలిపి ఎవడో ఒక కథ అల్లాడు. కథకు కాళ్లొచ్చాయి. రోజూ కూర్చుని తినేవాడు పొట్లం కట్టమన్నాడు, పొట్లం పట్టుకెళ్లేవాడు మానేశాడు. ఒకడు బల్ల దగ్గర కూర్చుని ఆమె పెట్టిన గ్లాసును చిటికెన వేలితో పక్కకు నెట్టి, సంచిలోంచి సొంత నీళ్ల సీసా తీసుకున్నాడు. మెస్సు పెట్టిన తొలిరోజు నుంచీ ఆమె చేతి కూడు తిన్నవాడు వాడు.

సంగతి ఆమె చెవిన పడింది చేతులు కడిగే కొళాయి దగ్గర. ఇద్దరు కుర్రవాళ్లు అటు తిరిగి చెవులు కొరుక్కుంటున్నారు. ఆ లారీవాళ్లలో ఎవడు అంటించాడో అని ఒకడన్నాడు, రెండోవాడు నవ్వాడు. పంకజానికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో సాంబారు బక్కెట్టు ఉంది. అది వాళ్ల నెత్తిన కుమ్మరించకుండా కింద పెట్టడానికి ఎంత ఓర్పు కావాలో ఆమెకే తెలుసు. లోపలికి పోయి, ఖాళీగా మిగిలిపోయిన ఇడ్లీ రేకులను అరిగేలా తోమింది.

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. మీ సెక్షనువాళ్లకు మీరే గట్టిగా చెప్పండి, ఆసుపత్రి కాగితం చూపించండి అంది. పరంధామయ్య వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, నీళ్లలోకి చూస్తూనే అన్నాడు.

"ఊరి నోరు మూసేదానికి మన చేత అవతాదా? ఆ ముఖాన్ని సరిచేసుకో పంకజం. అంతా అదే సర్దుకుంటుంది."

"నా ముఖం ఏం తప్పు చేసినాదని?"

ఆయన కాళ్లు తుడుచుకుని లేచిపోయాడు. ఆయన అనే మాటల కంటే అనని మాటలే ఎక్కువ.

అక్కడి నుంచి ఆ ముఖానికి పట్టిన కష్టాలు చెబితే నవ్వొస్తుంది, కడుపు మండుతుంది కూడా. గుడ్డు తెల్లసొన పూసుకుని, అది బిగుసుకునేదాకా మాట్లాడకుండా కూర్చుంది. మెస్సులో వడ్డించేటప్పుడు రెండు బుగ్గల్లోనూ తమలపాకు చుట్టలు దూర్చుకుంది. దాంతో సాంబారు కావాలా అని అడగలేక గరిటె ఊపేది. పురసైవాక్కంలో ఒక బ్యూటీ పార్లరుకు పోతే కరెంటు పెట్టారు. తడి స్పాంజి చుట్టిన రెండు కడ్డీలు బుగ్గల మీద ఆనిస్తే చర్మం చిమచిమలాడి తనంతట తానే ఎగిరేది, నోట్లో తుప్పు రుచి వచ్చేది. కండ బిగుస్తుందమ్మా, అలవాటు పడాలి అని పార్లరు పిల్ల చెప్పింది. బిగుసుకున్నది పంకజం పళ్లు మాత్రమే.

చివరికి పరంధామయ్యే అరవ పేపర్లోంచి ఒక ప్రకటన చింపి తెచ్చాడు. డాక్టర్ బాలకృష్ణన్, చర్మ వైద్యుడు. కత్తి పెట్టకుండా సూదితో ముఖంలో గుంటలు పూడుస్తాడట. కొల్లాజెన్ అనే విదేశీ మందు. ముందు ముంజేతి మీద ఒక చుక్క ఎక్కించి నెల రోజులు చూశారు. దద్దురు లేవలేదు. ఆ తర్వాత ముఖంలో పొడిచారు. ముక్కు పక్క గాడుల్లో, కళ్ల కింద, మూతి చివర, సన్న సూదితో వరసగా పొడుస్తూ పోతుంటే పంకజం కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకుంది. ప్రతి విడతకీ ముఖం కందిపోయి వాచేది. వాపు తీసేసరికి గాడి కాస్త పూడేది. నాలుగైదు నెలల్లో మందు ఒంట్లో కలిసిపోతుంది, మళ్లీ రావాలి అని డాక్టరు దాచకుండానే చెప్పాడు. ప్రతిసారీ పరంధామయ్య వెంట వచ్చి బయట బెంచీ మీద కూర్చునేవాడు, తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చేవాడు. నా కోసం ఇంత తిరుగుతున్నాడు కదా, ఊరితో పోట్లాడడం చేతగాకపోతేనేం అనుకుంది పిచ్చిది.

ఇంత తొందర ఎందుకంటే ఆయుధపూజ దగ్గరికొస్తోంది. వర్క్‌షాపుకు అంతకంటే పెద్ద పండగ లేదు. యంత్రాలను కడిగి గంధం కుంకుమ పెడతారు, అరటి పిలకలు కడతారు, ఆ ఒక్కరోజు ఇంటివాళ్లందరినీ గేటు లోపలికి రానిస్తారు. పరంధామయ్య సెక్షన్లో పూజయ్యాక పంచే చక్కెర పొంగలి ఏటా పంకజమే వండి, తన చేత్తోనే వడ్డించేది. ఆమె చేతి పొంగలి తిన్నాకే కొత్త ఏడాది పని మొదలు. ఈసారి పొంగలి బయట చేయిద్దామని సెక్షన్లో మాట లేచింది. అదే జరిగితే మెస్సుకు తాళం వేసుకోవడమే. సొంత సెక్షనువాళ్లే ముట్టనిది గేటు బయట ఎవడు తింటాడు? కొన్నాళ్లు ఆగి చూద్దామని పరంధామయ్య బతిమాలాడు. సరే, ముఖం చూసి చెబుతాం అన్నారట. వంట రుచి చూసి చెబుతామన్నా బాగుండేది.

ముఖం చూశారు, ఒప్పుకున్నారు. పూజనాడు పంకజం ఎర్రంచు పట్టుచీర కట్టి, గుండిగ ముందు గరిటె పట్టుకుని నిలబడింది. బుగ్గలు పాతవాటంత కాకపోయినా నిండుగానే ఉన్నాయి. టేపులో నాదస్వరం మోగుతోంది. దొన్నెలు పట్టుకుని వరసలో వస్తున్నవాళ్లు ఆమె ముఖాన్ని ఒకసారి, పొంగలిని ఒకసారి చూసి నవ్వుతున్నారు. నీళ్ల సీసావాడూ వచ్చాడు. ఆమె అందరికీ వేస్తోంది. గెలిచానన్న సంతోషం లోపల ఎక్కడా దొరకలేదు.

కన్నియప్పన్ వంతు వచ్చింది. భర్త పక్క యంత్రం మీద పనిచేసే అరవాయన, కల్లాకపటం తెలియనివాడు. దొన్నె చాచి, నిజంగానే సంతోషపడుతూ అన్నాడు.

"ఇప్పుడు మనసు చల్లబడింది అక్కా. ఎంత భయపడ్డామో. పరంధామయ్య అన్నే అడక్కుండానే చెప్పాడు, ఆమెకు ఏముందో నాకు తెలీదు, ఏడాదిగా నేను వేరేగా పడుకుంటున్నా, నాతో మీకు భయం లేదు అని. అది విన్నాకే మళ్లీ ఆయనతో కలిసి టీ తాగాం."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఏముందో తెలీదన్నాడు. ఆసుపత్రి కాగితాలన్నీ తన చేత్తో పెట్టెలో దాచిన మనిషి. ఏడాదిగా వేరే అన్నాడు. నిన్న రాత్రి కూడా పక్కనే పరుపు వేసుకుని, ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి పడుకున్న మనిషి. ఊరు వేసిన నింద మీద సాక్షి సంతకం పెట్టింది తన మొగుడే. సూదులు ఆమె ముఖానికి పొడిపించింది ఆయన పరువు కోసం. పంకజానికి ఏడుపు రాలేదు.

"ఇదో, ఇట్టా రండి" అని పిలిచింది. హారతి పళ్లెం పట్టుకున్న పరంధామయ్య వచ్చాడు.

"వీళ్లతో ఏం చెప్పినారు మీరు?"

ఆయన కన్నియప్పన్ వైపు చూశాడు. సంగతి అర్థమైంది. "ఈడ వద్దు పంకజం. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఆడ మాట్లాడేదానికి ఏముండాది? మీరు మాట్లాడింది ఈడ కదా."

పంకజం గరిటె గుండిగలో పెట్టింది. ఎవరో టేపు ఆపేశారు. వరస చివర ఉన్నవాడికీ వినపడేలా అరవంలోనే చెప్పింది.

"నాకుండేది షుగరు. ఈయనకు తెలుసు. నేను నోరు కట్టుకున్నందుకు ఒళ్లు తగ్గింది. ఈ బుగ్గలు నావి కావు, డాక్టరు సూదితో పెట్టినవి. కొన్ని నెలల్లో కరిగిపోతాయి, మళ్లీ పెట్టించుకునేది లేదు. మీరు భయపడిన ఆ జబ్బే నాకు వచ్చి ఉన్నా అది అన్నంలో అంటదని మీ క్యాంటీను గోడ మీదే రాసిపెట్టినారు, మీకు చదువు రాకపోలేదు. గుంటలు పడిన ముఖంతో వడ్డించినా తినేవాళ్లు ఉంటే దొన్నె పట్టండి. లేనివాళ్లు పొండి."

నీళ్ల సీసావాడు చేతిలోని పొంగలిని ఏం చేయాలో తెలియక దిక్కులు చూశాడు. కొందరు బొరుగుల పొట్లాలు పంచే పక్క సెక్షను వైపు మెల్లగా జారుకున్నారు. కన్నియప్పన్ తల దించుకుని దొన్నె ముందుకు చాచాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. వరస సగమైంది. సగమే అయినా ఆమె ముఖం చూసి నిలబడ్డ వరస కాదు అది. చిట్టచివర దొన్నె పట్టుకుని పరంధామయ్య నిలబడ్డాడు. అందరికీ వేసినంతే ఆయనకూ వేసింది.

సాయంత్రం ఇంట్లో ఆయన చాలా మాటలు చెప్పాడు. అంత మాట్లాడగలడని ఆమెకు అప్పుడే తెలిసింది. తననూ వెలివేస్తారని భయపడ్డాడట, ఏదో నోటికొచ్చింది అన్నాడట, ఆమె మీద ప్రేమ లేక కాదట. పంకజం పూర్తిగా విన్నది. లేచి ఆయన పరుపు చుట్టి, దిండు దాని మీద పెట్టి, రెండూ తీసుకెళ్లి మెస్సు బల్ల మీద పడేసింది.

"వేరేగా పడుకుంటున్నానని సెక్షనంతా చెప్పినారు. నా మొగుడు అబద్ధాలు చెప్పేవాడని నలుగురూ అనుకోవడం నాకిష్టం లేదు" అంది.

లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది.