కుడివైపు నడుము

జల్లెడ అడగడానికి పోయినదాన్ని నడుము తిప్పడం నేర్చుకుంటానని నాకేం తెలుసు!

ఎనభైల మొదట్లో మాట. ఆళ్లగడ్డలో మా వీధి చివరింట్లో వెనక గదిలో ఒకామె బాడుగకు దిగింది. కువైటులో ఇంటిపని చేసి నాలుగేండ్లకు తిరిగొచ్చిన మనిషి. మొగుడు లేడు, ఒక కూతురు. ఆ పిల్ల ఏడో తరగతి పరీక్ష రాయాల, బడి దగ్గర ఉండాల. అందుకే ఆ గది. నన్ను ఐదులోనే మాన్పించినారు గనక, కూతురి చదువు కోసం గది తీసుకున్న తల్లిని చూసి నాకు ముచ్చటేసింది.

జల్లెడకని ఆ మధ్యాహ్నం నేను పోయేసరికి ఆ అక్క టేప్ రికార్డరు పెట్టుకుని ఒక్కతే ఆడుతోంది. కాళ్ళు కదలవు, భుజాలు కదలవు, నడుము మాత్రం గుండ్రంగా తిరుగుతోంది. అరబ్బుల పెండ్లిండ్లలో ఆడవాళ్ళ హాలు వేరేనంట. తలుపులేసుకుని ముసలమ్మలు కూడా ఇట్లనే ఆడతారంట. ఆడ ప్లేట్లు ఎత్తుతూ, చూస్తూ నేర్చుకుందంట. జల్లెడ సంగతి మర్చిపోయి, నాకూ నేర్పమని కూర్చున్నా.

వారానికంతా మా వీధి ఆడవాళ్ళం నలుగురం అయినాం. అన్నాలు తిన్నాక, మగవాళ్ళు చేన్లకూ అంగళ్ళకూ పోయినాక, తలుపేసుకుని అరగంట. కొంగు నడుముకు బిగించి నిలబడితే అక్క సంతలో ఎనుములను చూసినట్లు మా చుట్టూ తిరిగేది. నడుమొక్కటే కదలాలనేది. మాకు అదొక్కటి తప్ప అన్నీ కదిలేవి. నేను పొట్ట కదిలించబోతే కనుబొమ్మలు లేచేవి.

నాలుగు రోజులకు అక్క మా రోగం కనిపెట్టింది. అందరికీ ఎడమ తుంటి జోరుగా లేస్తుంది, కుడిది మేకు కొట్టినట్లు ఉంటుంది. ఉండదా మరి? ఊహ తెలిసినప్పటి నుంచి నీళ్ళ బిందె ఎడమ నడుమునే, చంటిబిడ్డ ఎడమ నడుమునే. కుడి చెయ్యి పనికి కావాల కదా. సగం సగం మనుషులు వచ్చినారు నా దగ్గరికి అని నవ్వి, రేపటి నుంచి బిందె కుడివైపు పెట్టుకోమంది.

పెట్టుకున్నాం. సగం నీళ్ళు వీధికి, సగం ఇంటికి. పది రోజులకు, పాటలో డప్పు దెబ్బ పడిన చోటే, నా కుడి తుంటి టక్కున లేచింది. అక్క శభాష్ అంది. బడిలో కూడా నాకు ఆ మాట దొరకలేదు.

గవర్నమెంటు మారినా పట్టించుకోని మా వీధి, బిందెలు పక్క మారినాయని పట్టేసుకుంది. మా అత్త అడిగితే ఎడమవైపు నొప్పి అన్నా. మిగతా ముగ్గురూ వాళ్ళ ఇండ్లలో అదే చెప్పినారు. ఒకే వారం, నలుగురికి, ఒకే పక్క నొప్పి! అత్త నా వెనకాలే వచ్చి తలుపు సందులోంచి చూసి, నేరుగా ఆ గది బాడుగకిచ్చిన ఇంటాయన దగ్గరికి పోయింది.

ఇంటాయన బుడ్డల వ్యాపారి, ఊరి శెనక్కాయలన్నీ ఆయనే కొంటాడు. నంద్యాలలో క్లబ్బు డ్యాన్సున్న సినిమా పడితే మొదటి ఆటకే పోతాడు. మర్నాడు టీ కొట్టు కాడ ఆ నడుమెట్ల తిరిగిందో చేతులతో చేసి చూపిస్తాడు. అట్లాంటి ఆయన మేమాడుతుండగానే అక్క గుమ్మంలోకొచ్చి, మా పక్క చూస్తే కండ్లు మైలపడతాయన్నట్లు గోడను చూస్తూ, ఇది సంసారులుండే ఇల్లు, ఖాళీ చెయ్యి అన్నాడు.

అక్క గొంతు పెంచలేదు. ఆట మానేస్తానంది. పిల్ల పరీక్ష అయ్యేదాకా, ఒక్క నెల ఉండనీమంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. సరే అనేటట్లే ఉన్నాడు. నా నోరు ఆగలేదు.

“అన్నా, నువ్వు నంద్యాలలో టికెట్టు కొని చూసేది ఇదే కదా. ఈడ తెర లేదనా నీ కోపం?”

వెనక ముగ్గురూ కిసుక్కుమన్నారు. ఆయన మొకం ఎర్రగా అయింది.

“అది సినిమా, ఇది ఊరు. నెల లేదు గిల లేదు. రేప్పొద్దునకు గది ఖాళీగా కనపడాల.”

ఆయన పోయినాక అక్క నడుముకున్న గుడ్డ విప్పి మడత పెట్టింది. “మేయ్, నువ్వన్నది నిజమే. కానీ బాడుగింట్లో ఉండేది నేను కదా” అంది. మరుసటి రోజు పొద్దున్నే పెట్టె, పిల్ల, ఆమె, ముగ్గురూ బస్సెక్కినారంట. మా అత్త నన్ను గడప దాటనీలేదు.

మూడు నెలలకు నంద్యాల బస్టాండులో కనపడింది. శిరివెళ్లలో తల్లి దగ్గర పిల్లను వదిలి మళ్ళీ కువైటుకు పోతాందంట. పరీక్ష సంగతి అడిగినా.

“యాడ రాసింది? ఇప్పుడు మా అమ్మతో కలుపు తీతకు పోతాంది.”

ఆళ్లగడ్డ బస్సెక్కి ఆ ఇంటాయన్ను తిట్టుకుంటూ కూర్చున్నా. చీకట్లో కూర్చుని ఈలలేస్తే మర్యాదస్థుడు, తలుపేసుకుని తన నడుము తాను తిప్పుకుంటే ఆమె సంసారి కాదా? ఆ పిల్ల చేసిన తప్పేంది? శిరివెళ్లలో బస్సు చాలాసేపు ఆగింది. దిగి పిల్లను చూసొద్దామని సంచి చేతిలోకి తీసుకున్నా. ఆ ఒక్క నెల పోగొట్టిన నోరు నాది, ఏం మొకం పెట్టుకుని చూసేది? దిగలేదు.