ఉగాది మర్నాడు కిటికీ సీటు

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగం తీసేసి నమ్మండి.

ఉగాది మర్నాడు ప్రొద్దుటూరులో సగం జిల్లా పులివెందుల బస్సు మీద పడింది. నేను కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టాను. లోపలికి వెళ్లేసరికి యాభై దాటిన ఒకామె అక్కడ నిలబడి ఉంది.

"తువ్వాలు తీయప్పా. కిటికీ కాడ నేను కూర్చుంటా."

"ఏమ్మా, కడుపులో తిప్పుతాదా?"

"ఏం తిప్పదు. పోయినేడంతా పిల్లోళ్లకి, మా ఆయనకి, ఆయన సంచికి గూడా కిటికీ ఇచ్చినా. ఈ ఏడన్నా నాకోసం ఒకటి చేసుకోవల్లని నిన్న ఉగాది పచ్చడి కలిపేటప్పుడు అనుకున్నా."

నేను మహారాజులా తువ్వాలు తీసి దారిచ్చాను.

జమ్మలమడుగు దాటేదాకా ఆమె రెప్ప వేయలేదు. ప్రతి గొర్రెల మందనూ, ప్రతి నాపరాళ్ల కుప్పనూ "అదో, చూడప్పా" అని చూపిస్తూ నా భుజం వాచేలా తట్టింది.

"నువ్వేం చేసుకుంటాండావు, ఈ ఏడు?"

"మాటల్లో పడి ఎప్పుడూ చల్లారిన టీయే తాగుతాండానమ్మా. ఇంక వేడిగా తాగల్ల."

"తాగు మరి. మాట్లాడేది తగ్గించు."

ఇప్పుడు వేడిగానే తాగుతున్నాను.

ఇందులో చాలావరకు పెంచి చెప్పాను. కల్పించింది ఒక్కటే. తువ్వాలు నేను తీయలేదు. నేను గొణుగుతుండగానే ఆమె దాన్ని మడిచి నా చేతిలో పెట్టి, కూర్చుంది.